పాత్రుణ్ణి చూడని దానం

విద్యను ఎవరికివ్వాలి, ఎవరికివ్వకూడదు అన్న ప్రశ్న భారతీయ ధర్మచింతనలో చాలా పాతది. ఆ ప్రశ్న ఇప్పుడు మునుపటికన్న కఠినంగా ఎదురయ్యే చోట్లలో ఔత్సాహిక రాకెట్ విద్య ఒకటి. జీతం కోసమో సైన్యం కోసమో కాక కేవలం ఆసక్తితో రాకెట్లనూ చిన్న ఉపగ్రహాలనూ తయారుచేసుకునే బృందాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని, ఏళ్ల తరబడి శ్రమించి రూపొందించిన తమ ఎలక్ట్రానిక్ పరికరాల గుట్టును దాచుకోకుండా లోకానికి ఇచ్చివేస్తున్నాయి. ఇలా ఇచ్చే పద్ధతిని ఓపెన్ సోర్స్ అంటారు. పరికరపు సర్క్యూట్ పటం, బోర్డు మీద రాగి గీతల అమరిక, విడిభాగాల పట్టిక, అందులో నడిచే ప్రోగ్రాం, ఇవన్నీ ఎవరైనా చదువుకోవడానికి, తయారుచేసుకోవడానికి, మార్చుకోవడానికి, చివరకు అమ్ముకోవడానికి కూడా అనుమతిస్తూ ప్రకటించడమే దాని సారం. ఆ అనుమతి పత్రాన్ని లైసెన్సు అంటారు. పరికరాన్ని మార్చి ఇతరులకు ఇచ్చేవారు తమ మార్పులను కూడా ఇదే విధంగా తెరిచి ఉంచాలన్న నియమం చాలా లైసెన్సులలో కనిపిస్తుంది.

తోటకు నీళ్లు పెట్టే పరికరం విషయంలో ఈ ఔదార్యాన్ని ఎవరూ ఆక్షేపించరు. రాకెట్ సంగతి వేరు. రాకెట్టుకూ క్షిపణికీ తేడా లోహంలోనూ ఇంధనంలోనూ అంతగా లేదు. ముక్కులో ఏమి పెట్టారు, దేనికి గురిపెట్టారు అన్నదానిలోనే ఎక్కువగా ఉంది. అందుచేత ఈ రంగంలో విద్యను బాహాటంగా పంచేవారు ఒక ప్రశ్నకు జవాబు చెప్పవలసి ఉంటుంది: దుర్వినియోగానికి వీలున్న విద్యను, పుచ్చుకునేవాడి ముఖమైనా చూడకుండా ఇవ్వడం దానమవుతుందా, బాధ్యతను వదిలించుకోవడమవుతుందా?

సంప్రదాయం ఈ విషయంలో ఒకే గొంతుతో మాట్లాడలేదు. యాస్కుని నిరుక్తంలో విద్య స్వయంగా ఒక బ్రాహ్మణుని దగ్గరకు వచ్చి, తాను అతని నిధి అనీ, అసూయాపరుడికీ కుటిలుడికీ నిగ్రహం లేనివాడికీ తనను ఇవ్వవద్దనీ వేడుకొన్నట్టుగా ఒక ఘట్టం ఉంది. వేదాంత గ్రంథాలు మొదలుపెట్టేటప్పుడు అధికారి ఎవరు, అంటే ఈ శాస్త్రాన్ని చదవడానికి తగినవాడెవరు అన్న విచారణతోనే మొదలుపెడతాయి. భగవద్గీత పదిహేడవ అధ్యాయం సాత్విక దానాన్ని నిర్వచిస్తూ, తిరిగి ఉపకారం చేయలేనివాడికి, దేశమూ కాలమూ పాత్రమూ చూసి ఇచ్చేదే సాత్వికమని చెబుతుంది. ఈ లెక్కన చూస్తే ఓపెన్ సోర్స్ దాత మొదటి మెట్టులోనే తప్పినట్టు లెక్క, ఎందుకంటే పాత్రను చూడడం అతనికి సాధ్యమే కాదు.

రెండో గొంతు భగవద్రామానుజులది. గురువైన గోష్ఠీపూర్ణులు ఎన్నోసార్లు తిప్పి పంపి, చివరకు ఎవరికీ చెప్పకూడదన్న ఆనతో ఉపదేశించిన అష్టాక్షరీ మంత్రార్థాన్ని, రామానుజులు తిరుక్కోట్టియూర్ ఆలయంపైకెక్కి అందరికీ వినిపించారనీ, ఆన మీరినందుకు నరకం తప్పదని గురువు చెబితే, ఇందరు తరిస్తే తానొక్కడికి నరకమైనా సమ్మతమేనని బదులిచ్చారనీ శ్రీవైష్ణవ సంప్రదాయం చెప్పుకుంటుంది. తెలుగునాట ఈ కథ తెలియని వైష్ణవ కుటుంబం ఉండదు. ఓపెన్ సోర్స్‌ను సమర్థించేవారికి ఇంతకన్న గొప్ప పూర్వోదాహరణ దొరకదని అనిపిస్తుంది గాని, తొందరపడి దాన్ని అలా వాడుకోవడం న్యాయం కాదు. మంత్రార్థం తెలిసినవాడు దానితో పొరుగువాడి ఇల్లు తగలబెట్టలేడు. రామానుజులు పణంగా పెట్టింది తమ పరలోకాన్ని. రాకెట్ విద్యను వీధిలో పెట్టేవాడు పణంగా పెట్టేది, ఒకవేళ పెడితే, ముక్కూమొహం తెలియని ఇతరుల ప్రాణాన్ని. ఈ తేడాను దాటవేసిన వాదన ఏదైనా బలహీనమైనదే.

అలాగని అధికారి వాదాన్ని యథాతథంగా స్వీకరించడానికీ వీలులేదు. పాత్రత అన్న మంచి భావన ఆచరణలో పుట్టుకకు మారుపేరైపోయిన చరిత్ర ఈ దేశానిది. ఏకలవ్యుడికి విద్య నిరాకరించింది అతని శీలాన్ని పరీక్షించి కాదు, అతను నిషాదరాజు కొడుకని. ఆపైన తనంత తానుగా సంపాదించుకున్న విద్యకు కూడా గురువు బొటనవేలు ధర పెట్టాడు. పాత్రత గురించి మాట్లాడేవారు ఈ మచ్చను ముందు కడుక్కోవాలి. దేశాల మధ్య కూడా ఇదే జరిగిందన్నది గుర్తుంచుకోదగ్గ విషయం. 1987లో ఏడు సంపన్న దేశాలు ఏర్పరచుకున్న క్షిపణి సాంకేతిక నియంత్రణ వ్యవస్థ పేరు చెప్పి, 1992లో అమెరికా ఇస్రో మీదా రష్యా సంస్థ గ్లావ్‌కాస్మాస్ మీదా ఆంక్షలు విధించింది. మరుసటి ఏడు రష్యా క్రయోజెనిక్ ఇంజన్ల విద్యను ఇస్తానన్న మాటను వెనక్కి తీసుకుని, ఇంజన్లను మాత్రమే ఇస్తానంది. మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంచవలసిన ద్రవ హైడ్రోజన్‌తో నడిచే ఇంజను, క్షణాల మీద ప్రయోగించవలసిన క్షిపణికి పనికిరాదని తెలిసీ చేసిన పని అది. సొంత క్రయోజెనిక్ దశతో జీఎస్ఎల్వీ శ్రీహరికోట నుంచి విజయవంతంగా ఎగిరింది 2014 జనవరి 5న. ఇరవై ఏళ్లు పట్టింది, అయినా విద్య ఆగలేదు. అర్హతను నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉంటుందో, వారి ప్రయోజనమే అర్హతగా చలామణీ కావడం ఈ వ్యవహారాల సహజ లక్షణం.

ఇక ఈ బృందాలు పంచే పరికరాన్ని దగ్గరగా చూడాలి, ఎందుకంటే దూరం నుంచి చేసే ధర్మవిచారణ తరచూ వస్తువును తప్పుగా ఊహించుకుంటుంది. ఔత్సాహిక రాకెట్లలో వాడే ఫ్లైట్ కంప్యూటర్ అన్నది బొటనవేలు వెడల్పున ఉండే చిన్న బోర్డు. అమెరికాలో కీత్ ప్యాకార్డ్, బిడేల్ గార్బీ అనే ఇద్దరు ప్రముఖ ఓపెన్ సోర్స్ ప్రోగ్రామర్లు మొదలుపెట్టిన ఆల్టస్ మెట్రమ్ వారి టెలిమెట్రమ్ దీనికి మంచి ఉదాహరణ. దాని పటాలు, ప్రోగ్రాములు అన్నీ బాహాటమే. అందులో రాకెట్ వేగపు మార్పును కొలిచే యాక్సెలరోమీటర్, గాలి పీడనాన్ని బట్టి ఎత్తును కొలిచే బారోమీటర్, స్థానం చెప్పే జీపీఎస్, కిందికి వార్తలు పంపే చిన్న రేడియో ఉంటాయి. బోర్డుకు విద్యుత్తు ఇచ్చిన క్షణంలో అది తాను నిలువుగా ఉన్నానా, అడ్డంగా ఉన్నానా అని చూసుకుంటుంది. నిలువుగా ఉంటే ప్రయోగానికి సిద్ధమైన స్థితిలోకి వెళుతుంది. అడ్డంగా ఉంటే, అంటే ఎవరి బల్లమీదనో ఉంటే, ఆదేశాలకు బదులిచ్చే స్థితిలోనే ఉండిపోతుంది. ప్రయోగస్థితిలో ఉన్నప్పుడు తన తీగలు తెగకుండా ఉన్నాయో లేదో కూతలతో చెబుతుంది, ఆ కూతల సంఖ్యను బట్టి ఏ తీగ సరిగా ఉందో పక్కన నిలబడ్డవారికి తెలుస్తుంది.

ఇంతకూ ఆ తీగలు దేనివి? రాకెట్ మోటారును వెలిగించేవి కావు. మోటారును వెలిగించడం నేల మీద ఉన్న లాంచ్ కంట్రోలర్ పని, దానికి ఒక బ్యాటరీ, ఒక మీట చాలు. ఫ్లైట్ కంప్యూటర్ తీగలు వెళ్లేది ఇ-మ్యాచ్ అనే చిన్న విద్యుత్ నిప్పుపుల్లకు. అది కొద్దిపాటి తుపాకిమందును వెలిగించి, రాకెట్ గొట్టాన్ని విడదీసి, లోపలి పారాచూట్‌ను బయటికి తోస్తుంది. రాకెట్ అత్యున్నత బిందువు చేరినప్పుడు డ్రోగ్ అనే చిన్న పారాచూట్ తెరుచుకోవాలి. నేలకు కొన్ని వందల మీటర్ల ఎత్తులోకి దిగాక పెద్దది తెరుచుకోవాలి. పెద్దది పైనే తెరుచుకుంటే గాలివాటాన మైళ్ల దూరం కొట్టుకుపోతుంది. ఏదీ తెరుచుకోకపోతే రాకెట్ ముక్కు కిందికి పెట్టుకుని బాణంలా దిగుతుంది. అత్యున్నత బిందువు ఎప్పుడు వచ్చిందో కనిపెట్టడం చెప్పినంత తేలిక కాదు. ధ్వనివేగాన్ని దాటే సమయంలో రాకెట్ చుట్టూ పీడన తరంగాలు ఏర్పడి, పీడనం హఠాత్తుగా పెరిగినట్టు, అంటే రాకెట్ కిందికి దిగుతున్నట్టు బారోమీటర్‌ను మోసగిస్తాయి. ఆ అబద్ధాన్ని నమ్మి ధ్వనివేగంలో పారాచూట్ తెరిస్తే రాకెట్ ముక్కలవుతుంది. అందుకే యాక్సెలరోమీటర్, బారోమీటర్ కొలతలు రెండింటినీ తూచి, ఏ క్షణంలో దేన్ని ఎంత నమ్మాలో లెక్కగట్టే కల్మాన్ ఫిల్టర్ అనే గణిత పద్ధతిని ఇటువంటి బోర్డులలో వాడతారు.

అంటే ఈ రంగంలో ఇన్నేళ్లుగా బాహాటంగా పంచుకుంటున్న విద్యలో సింహభాగం రాకెట్‌ను పంపే విద్య కాదు, క్షేమంగా వెనక్కి తెచ్చే విద్య. భారతీయ అస్త్రవిద్యను ఎరిగినవారికి ఈ విభజన కొత్తది కాదు. అస్త్రానికి ప్రయోగమూ ఉపసంహారమూ అని రెండు భాగాలు. వాల్మీకి రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడు అస్త్రాలన్నీ ఉపదేశించాక, రాముడు తనంత తానే వాటి ఉపసంహారాన్ని కూడా నేర్పమని అడుగుతాడు. అడిగి నేర్చుకోవడమే అతని పాత్రతకు సాక్ష్యంగా కవి నిలిపాడు. మహాభారతం సౌప్తిక పర్వంలో దీనికి ఎదురు చిత్రం ఉంది. అర్జునుడికి బ్రహ్మశిరోస్త్రం ఇచ్చిన ద్రోణుణ్ణి అశ్వత్థామ తనకూ ఇమ్మని పట్టుబట్టాడు. కొడుకు చపలచిత్తుడని తెలిసీ, మనసొప్పకుండానే, మనుషుల మీద వాడవద్దన్న హెచ్చరికతో ద్రోణుడు ఇచ్చాడు. చివరకు దాన్ని ప్రయోగించిన అశ్వత్థామకు వెనక్కి తీసుకోవడం చేతకాలేదు, అది పాండవస్త్రీల గర్భాల మీదికి మళ్లింది. ఈ కథలో ద్రోణుడి తప్పు విద్యను ఎక్కువమందికి ఇవ్వడం కాదన్నది గమనించాలి. అతను ఇచ్చింది ఇద్దరికే, అదీ రహస్యంగానే. పాత్రత లేదని తన మనసుకు తెలిసినచోట మమకారానికి లొంగి ఇవ్వడం, ఇచ్చిన విద్యలో ఉపసంహార సామర్థ్యం లేకపోవడం, ఇవి రెండే ఆ విషాదానికి మూలాలు. రహస్యం ఎవరినీ కాపాడలేదు.

అయినా చరిత్రను పక్షపాతం లేకుండా చూస్తే ఇక్కడితో తేలిక పడడానికి లేదు. 1923లో హెర్మన్ ఓబెర్త్ గ్రహాంతర రాకెట్ల గురించి ప్రకటించిన పుస్తకం జర్మనీలో ఒక తరాన్ని కదిలించింది; 1927లో అక్కడ అంతరిక్షయాన సంఘం ఏర్పడింది, 1930లో బెర్లిన్ శివార్లలో ఆ సంఘం ఔత్సాహికులు రాకెట్ మైదానం పెట్టుకున్నారు. వారిలో ఒకడైన వెర్నర్ ఫాన్ బ్రౌన్‌ను 1932లో సైన్యం తన పనిలోకి తీసుకుంది. 1944 నాటికి ఆ విద్య వీ-2 క్షిపణియై లండన్ మీదా ఆంట్‌వెర్ప్ మీదా పడింది. డోరా నిర్బంధ శిబిరంలో దాన్ని తయారుచేస్తూ వేలమంది ఖైదీలు చచ్చిపోయారు. బాహాట విద్య ఆయుధమైంది సైన్యం గోడల వెనకకు వెళ్లాకనే కదా అని సమర్థించుకోవచ్చు, అది నిజం కూడా. కాని ఆ గోడల వెనకకు వెళ్లిన మనిషిని తయారుచేసింది బాహాట విద్యే అన్నది కూడా అంతే నిజం. వర్తమానంలోనూ ఉదాహరణ ఉంది. ఔత్సాహికులు డ్రోన్ల కోసం రూపొందించిన ఆర్డుపైలట్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంను, 2025 జూన్ 1న ఉక్రెయిన్ రష్యా వైమానిక స్థావరాల మీద జరిపిన డ్రోన్ దాడుల్లో వాడినట్టు వార్తలు వచ్చాయి. దాన్ని ఆపే హక్కు దాని కర్తలకు లేదు. 1998 నాటి ఓపెన్ సోర్స్ నిర్వచనంలోనే, ఫలానా పనికి వాడరాదని లైసెన్సు అడ్డు చెప్పకూడదన్న నియమం ఉంది.

జీపీఎస్ తాళం ఇంకొక చిక్కు. క్షిపణులకు పనికిరాకుండా చేయడం కోసం, ఒక వేగం దాటిన వెంటనే మూగబోయేలా పౌర జీపీఎస్ రిసీవర్లను తయారుచేస్తారు. పాత పరిమితి 18 కిలోమీటర్ల ఎత్తు, సెకనుకు 515 మీటర్ల వేగం కాగా, నేటి నియంత్రణ వ్యవస్థలో ఆ వేగం సెకనుకు 600 మీటర్లు. ఎత్తుకు ఎగిరే విద్యార్థుల రాకెట్‌లో, సరిగ్గా స్థానం తెలియవలసిన వేళ రిసీవర్ మాట్లాడడం మానేస్తుంది. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో తిరిగే చిన్న ఉపగ్రహంలోనైతే అది ఉన్నా లేనట్టే. ఓపెన్ సోర్స్ రిసీవర్ ప్రోగ్రాంలో ఈ తాళం ఒక వరుస మార్పుతో తొలగిపోతుంది. ఇక్కడ దాత తన మనసును తానే అడగవలసి ఉంటుంది. సంకేతాల నుంచి స్థానాన్ని రాబట్టే గణితం పాఠ్యపుస్తకాలలో ఉంది కనుక దాన్ని ప్రకటించడంలో దోషం కనిపించదు. కాని కదిలే లక్ష్యం మీదికి వాహనాన్ని నడిపించే మార్గనిర్దేశక ప్రోగ్రాంను సిద్ధాన్నంలా వడ్డించడం వేరే పని. ఉపసంహార విద్యకూ గురిపెట్టే విద్యకూ మధ్య గీత ఎక్కడో ఒకచోట ఉంది, అది ప్రతిసారీ స్పష్టంగా కనిపించకపోయినా. అమెరికా ఔత్సాహిక రాకెట్ సంఘాల భద్రతా నియమావళి, రాకెట్‌ను ఏ లక్ష్యం మీదికీ ప్రయోగించనని సభ్యుడి చేత ప్రమాణం చేయించడం ఈ గీతను గుర్తించడమే.

ఈ చిక్కుముడిని విప్పడానికి ధర్మశాస్త్రంలోనే ఒక సాధనం ఉంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోలేదు. శాస్త్రకారులు దానాన్నీ ఉత్సర్గాన్నీ వేరుచేశారు. దానంలో ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అని ఇద్దరుంటారు. స్వామ్యం ఒకరి నుంచి ఒకరికి మారుతుంది, అందుకే పుచ్చుకునేవాడి యోగ్యత చూడాలి. ఉత్సర్గంలో, అంటే చెరువు, బావి, తోట వంటివి లోకానికి వదిలేటప్పుడు, కర్త తన స్వామ్యాన్ని సకల ప్రాణుల కోసం విడిచిపెడతాడు. తీసుకునేవాడంటూ ప్రత్యేకంగా ఎవరూ ఉండరు, ఆ సకల ప్రాణులలో తానూ ఒకడు కనుక కర్త కూడా ఆ నీళ్లు తాగవచ్చు. ఓపెన్ సోర్స్ కర్త స్థితి అచ్చంగా ఇదే: తన పటాన్ని లోకానికి వదిలిన తరువాత అతనూ దాన్ని అందరితోపాటు వాడుకుంటాడు, ఇతరులు చేసిన మార్పులను తానూ పొందుతాడు. తెలుగువారు సప్తసంతానాల లెక్కలో చెరువునూ కృతినీ పక్కపక్కన పెట్టుకున్నారు. నీటిని నిలిపిన కట్టా అర్థాన్ని నిలిపిన గ్రంథమూ రెండూ కర్త పోయాక లోకంలో మిగిలే బిడ్డలేనన్న ఆ చూపుకు, బోర్డు పటం మూడో బిడ్డలా సరిపోతుంది.

గీతలోని పాత్రనియమం దానానికి చెప్పినది, ఉత్సర్గానికి కాదు. అంతమాత్రాన కర్తకు బాధ్యత తప్పదు. అది మనిషి మీది నుంచి వస్తువు మీదికి మారుతుంది. చెరువు తవ్వించినవాడు తాగేవాడి కులగోత్రాలు అడగనక్కరలేదు గాని, కట్ట గట్టిదో కాదో, అలుగు సరైన ఎత్తులో ఉందో లేదో, వరద వచ్చినప్పుడు ఊరు మునగకుండా తూము తెరుచుకుంటుందో లేదో చూసే బాధ్యత అతనిదే. అదేవిధంగా, అడ్డంగా ఉన్న బోర్డు తనంత తానుగా ప్రయోగస్థితిలోకి వెళ్లకపోవడం, తెగిన తీగను కూతతో చెప్పడం కేవలం ఇంజనీరింగ్ సౌకర్యాలు కావు. ముఖం తెలియని గ్రహీత పట్ల కర్త చూపవలసిన శ్రద్ధ అక్కడ బోర్డులోనే భాగమైంది. ఏ పొరపాటు చేసేవాడు దాన్ని చేతిలోకి తీసుకుంటాడో తెలియనప్పుడు, ఆ పొరపాటును ముందే ఊహించి తట్టుకునేలా చేయడం కన్న నిజమైన పాత్రవిచారణ ఉండదు.

మిగిలిన అధికారవిచారణ చదివే చోటి నుంచి నిప్పు పెట్టే చోటికి జరుగుతుంది, జరగాలి కూడా. అమెరికాలో పటాలన్నీ ఎవరైనా చదువుకోవచ్చు. పెద్ద మోటారును వెలిగించాలంటే మాత్రం అక్కడి రాకెట్ సంఘాలు మూడు అంచెల అర్హత పెట్టాయి. మొదటి అంచెలో ఆ పెద్ద మోటార్లలోనే తక్కువ శక్తిగలదానితో రాకెట్‌ను ఎగరేసి, దాన్ని దెబ్బతినకుండా వెనక్కి తెచ్చి చూపాలి. రెండవదానికి రాతపరీక్ష కూడా ఉంటుంది. మూడవదానికి అనుభవజ్ఞులు నిర్మాణాన్ని ముందే పరిశీలిస్తారు. కులం, దేశం, చదువు అడగని పరీక్ష ఇది, ప్రతి అంచెలోనూ అసలు ప్రశ్న ఒక్కటే: వెనక్కి తేగలవా? రాముడు విశ్వామిత్రుణ్ణి అడిగినది దీనికన్న వేరు కాదు. బోర్డులోని రేడియోను హామ్ తరంగాల మీద, అంటే ఔత్సాహిక రేడియోకు కేటాయించిన తరంగాల మీద వాడాలంటే హామ్ రేడియో పరీక్ష రాసి లైసెన్సు పొందాలి. ఆ హామ్ రేడియో లోకపు అంతర్జాతీయ నియమాలలో ఒక విశేషం ఉంది. అర్థాన్ని మరుగుపరిచే సంకేతభాషలో మాట్లాడరాదని, అంతా తెరిచిన మాటే కావాలని ఆ నియమాలు శాసిస్తూ, ఒక్క మినహాయింపునిస్తాయి: భూమి నుంచి ఔత్సాహిక ఉపగ్రహానికి ఇచ్చే ఆజ్ఞలను గుప్తంగా ఉంచవచ్చు. పటం అందరిదీ, పగ్గం మాత్రం ఒకరిది. ఉపగ్రహం ఎలా పనిచేస్తుందో లోకమంతా తెలుసుకున్నా, దాన్ని ఆపగలిగే చేయి ఎవరిదో ఖాయంగా ఉండాలన్న ఈ వివేకం అనేక ధర్మమీమాంసలకన్న సూటిగా ఉంది.

రాజ్యాల చట్టం కూడా వంకర దారిన ఇదే చోటికి చేరింది. 1961 డిసెంబర్ 12న అమెరికా హామ్ ఔత్సాహికులు తయారుచేసిన ఆస్కార్-1, నాలుగున్నర కిలోల బరువుతో, ఒక రాకెట్‌లో తూకం కోసం పెట్టే దిమ్మ స్థానంలో కక్ష్యకు చేరింది. మోర్స్ భాషలో హాయ్ అని పలకరిస్తూ, ఆ పలకరింపు వేగంలోనే తన లోపలి ఉష్ణోగ్రతను తెలియజేస్తూ వచ్చిన ఆ చిన్న పెట్టె మాటలను 28 దేశాలలో వందలమంది విన్నారు. దాన్ని మోసుకెళ్లిన డిస్కవరర్-36 నిజానికి కొరోనా అనే రహస్య గూఢచర్య ఉపగ్రహమని లోకానికి తెలిసింది 1995లో. ఆ తరువాతి దశాబ్దాలలో ఔత్సాహిక ఉపగ్రహాలు దేశాల హద్దులు లేకుండా తయారయ్యాయి. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ6 మోసుకెళ్లిన ఇస్రో హామ్‌శాట్‌లో ఒక ట్రాన్స్‌పాండర్, అంటే ఒక తరంగం మీద విన్నదాన్ని మరో తరంగం మీద తిరిగి పంపే పరికరం, భారతీయ హామ్‌లు చేసినదైతే, రెండవది ఒక డచ్ విద్యార్థి చేసినది. తెలుగు నేల నుంచి ఎగిరి, అడిగినవారందరి మాటనూ మోసిన ఆ ఉపగ్రహం 2014 వరకు పనిచేసింది. ఇటువంటి కలిసిమెలిసిన పనికి అంతకుముందే, 1999లో, అమెరికా అడ్డుకట్ట వేసింది: ఉపగ్రహాలను ఆయుధాల పట్టికలో చేర్చి, వాటి సాంకేతిక సమాచారాన్ని విదేశీయుడితో పంచుకోవడం ఆయుధాల ఎగుమతితో సమానమని తేల్చింది.

ఆ చట్టంలో ఒక మినహాయింపు ఉంది: అందరికీ బాహాటంగా ప్రకటించిన సమాచారానికి ఆ చట్టం వర్తించదు. దీని ఆధారంగా ఓపెన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ అమెరికా విదేశాంగ శాఖను ఆశ్రయించి, ఓపెన్ సోర్స్ ఉపగ్రహ పరిశోధన ఆ ఆయుధ నిబంధనల కిందికి రాదన్న నిర్ణయాన్ని 2020లో పొందింది. ఫలితార్థం ఆశ్చర్యకరమైనది: ఒక అమెరికన్ ఇంజనీరు ఒక విదేశీ విద్యార్థి చెవిలో చెబితే నేరం కాగల విషయం, అదే ఇంజనీరు నాలుగు వీధుల కూడలిలో ప్రకటిస్తే నేరం కాదు. రహస్యోపదేశాన్ని అనుమానించి బహిరంగ ప్రకటనను విడిచిపెట్టిన ఈ చట్టం పైకి వింతగా కనిపించినా, దాని వెనక లోతైన తర్కం ఉంది. చెవిలో చెప్పినది విన్నవాడికే బలమవుతుంది. అందరికీ చెప్పినది, కీడు తలపెట్టేవాడికి తెలిసినంతా దాన్ని ఆపవలసినవాడికి కూడా తెలియజేస్తుంది. తప్పులుంటే ఎత్తిచూపే కళ్లను పెంచుతుంది. 2017 మే 18న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి కక్ష్యలోకి విడిచిన యూపీశాట్, గ్రీస్‌లోని లిబ్రె స్పేస్ ఫౌండేషన్, పత్రాస్ విశ్వవిద్యాలయం కలిసి పూర్తిగా ఓపెన్ సోర్స్ పద్ధతిలో రూపొందించినది. దాని బోర్డుల పటాలను ఏ పదో తరగతి విద్యార్థి అయినా, ఏ రక్షణ శాఖ నిపుణుడైనా ఒకే విధంగా పరిశీలించవచ్చు.

అయితే అందరికీ ఇవ్వడం ఒకటి, అందరి వెంటా నడవడం ఇంకొకటి. లైసెన్సు ఎవరినీ కాదనలేదు గాని, దాని కర్త తన సమయాన్నీ సలహానూ ఎవరికివ్వాలో నిర్ణయించుకోగలడు. ఆర్డుపైలట్ రూపకర్తలు తమ ప్రవర్తనా నియమావళిలో, ఆయుధాలుగా మార్చే పనికి తెలిసి సహకరించబోమని రాసుకోవడం ఈ విచక్షణే. గ్రంథం ఉత్సర్గం, గురుశుశ్రూష మాత్రం ఇప్పటికీ దానమే. దానికి పాత్రనియమం వర్తిస్తుంది. ద్రోణుడికి ఉండవలసినది ఆ నిగ్రహమే. పెద్ద సైన్యానికి ఎవరి సలహా అక్కరలేదన్నది నిజమే, ఫాన్ బ్రౌన్ కథ అదే చెబుతుంది. ఆ స్థాయి కీడును ఒక చిన్న బోర్డు కర్త ఆపలేడు, ఆపలేనందుకు అతన్ని దోషిగా నిలబెట్టడమూ తగదు. అతను జవాబు చెప్పవలసినది తాను తెలిసి చేసిన సాయానికీ, తెలిసీ సరిదిద్దని లోపానికీ.

ఈ రెండో మాట, లోపాన్ని సరిదిద్దడం, ఓపెన్ సోర్స్ లోకంలో అన్నిటికన్న నిర్లక్ష్యానికి గురైన ధర్మం. టెలిమెట్రమ్ వంటివాటికి వాడే టీఏపీఆర్ ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్సు, పటాన్ని మార్చినవారు ఆ మార్పును మూలకర్తలకు తెలియజేయడానికి ప్రయత్నించాలని కోరుతుంది. తెలుసుకున్న మూలకర్త దాన్ని పరిశీలించి అందరికీ చెప్పే ఓపికతో ఇంకా ఉండాలని ఏ లైసెన్సూ శాసించలేదు. సెన్సర్ల తయారీ ఆగిపోతుంది, బదులుగా వేసిన సెన్సర్ కొంచెం వేరుగా ప్రవర్తిస్తుంది, పదేళ్ల కింద రాసిన హెచ్చరిక ఎవరి కంటా పడదు. రామప్ప, పాకాల చెరువులు కట్టించిన కాకతీయుల నేలమీద, తెలుగు సీమల్లో చెరువు తవ్వి పోషించేవారికి దశబంధం ఇనాములని భూములిచ్చే ఆచారం ఉండేది. పూడిక తీయడం, కట్ట వేయడం కూడా చెరువులో భాగమేనని ఆ ఏర్పాటు ఒప్పుకున్నది. ఓపెన్ సోర్స్ బోర్డులతో తమ విద్యార్థుల రాకెట్లను ఎగరేసే విశ్వవిద్యాలయాలు ప్రపంచమంతటా ఉన్నాయి, వాటిమీద వ్యాపారం చేసే సంస్థలూ ఉన్నాయి. ఒక పాత బోర్డులోని లోపాన్ని కనిపెట్టి, సరిచేసి, ఆ వైఫల్యాన్ని దాచకుండా రాసిన విద్యార్థి పనిని కొత్త బోర్డు చేసిన విద్యార్థి పనితో సమానంగా లెక్కించి మార్కులివ్వడం, ఆ పోషణకు ప్రయోగ ఖర్చుతోపాటే నిధులు కేటాయించడం ఆ విశ్వవిద్యాలయాల చేతుల్లో ఉన్న పని, ఇవాళే మొదలుపెట్టగల పని.